దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు

మిద్దె మీద తోట పెంచేవాళ్ళు రెండు అబద్ధాలు చెబుతారు. ఒకటి, కూరగాయల ఖర్చు తగ్గిందని. రెండు, మందులు కొట్టని కూరలు తింటున్నాం కాబట్టి ఆరోగ్యం బాగుపడిందని. నేనూ మిద్దె తోట మనిషినే కాబట్టి ఈ మాట ధైర్యంగా అంటున్నాను. ఇంటికి వచ్చిన చుట్టాలు మేడ ఎక్కి, ఆ డ్రమ్ములూ పందిరీ చూసి "ఇంత శ్రమ ఎందుకండీ?" అనగానే ఈ రెండింటిలో ఒకటి నోటి వెంట దానంతట అదే వచ్చేస్తుంది. సరదాగా ఉంటుందని చెప్పడానికి మాత్రం ఎందుకో మొహమాటం. ఉద్యోగాలు చేసుకునే పెద్దవాళ్ళం పొద్దున్నే లేచి వంగమొక్క ఆకులు తిరగేసి చూసుకోవాలంటే దానికి ఒక గంభీరమైన కారణం ఉండాలనుకుంటాం కాబోలు.

ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. విజయవాడలో మా వీధికి వచ్చే ఆకుకూరల ఆవిడ దగ్గర గోంగూర కట్ట పది రూపాయలు, మహా అయితే ఇరవై. ఎర్రమట్టి, పశువుల ఎరువు మూడో అంతస్తు పైకి మోయించిన కూలి, పందిరికి పెట్టిన గొట్టాలు, ఎండాకాలం కట్టే ఆకుపచ్చ వల, నీళ్ళ మోటారుకు అయ్యే కరెంటు, వీటన్నిటినీ గోంగూర కట్టల్లోకి మార్చి చూస్తే నా పెట్టుబడి నా మనవల కాలానికి కూడా తిరిగి రాదు. నా సమయానికి ఖరీదు కడితే ఇక చెప్పనే అక్కరలేదు.

ఆరోగ్యం లెక్క ఇంకా చిత్రం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మార్గదర్శకాల ప్రకారం పెద్దవారికి రోజుకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు కావాలి. నలుగురున్న ఇంటికి నెలకు 48 కిలోలు. మా తోట శీతాకాలంలో మంచి ఊపు మీద ఉన్నప్పుడు వారానికి రెండు మూడు పూటల కూర ఇస్తుంది. రోహిణి కార్తెలో ఇచ్చేది కరివేపాకు, కాస్త బచ్చలి. మిగతాదంతా రైతుబజారు నుంచే. ఉమ్మడి రాష్ట్రంలో 1999 జనవరిలో రైతుబజార్లు మొదలయ్యాయి. అప్పటి నుంచీ మా ఇంటి సంచి వెళ్ళేది అటే, ఇప్పుడూ అటే. కాబట్టి నా తోట వల్ల నాకు ఆరోగ్యం వచ్చి ఉంటే అది కరివేపాకు మేరకే వచ్చి ఉండాలి.

"దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు" అని మా అమ్మ నన్ను చూసి రోజుకొకసారైనా అంటుంది. ఎగతాళికే అంటుంది. నేను దాన్ని బిరుదుగా తీసుకున్నాను. ఎందుకంటే ఆ సామెతలో ఉన్నదంతా నిజం. ఆదాయం లేదన్నదీ నిజమే, తీరిక లేదన్నదీ నిజమే. అయినా సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విడవకుండా నేరుగా మేడ ఎక్కుతున్నానంటే అక్కడ నాకు ఇంకేదో దొరుకుతోందన్నమాట.

అదేమిటో చెప్పడానికి పొదుపు గురించి ఒక మాట చెప్పాలి. తోట, వంట, పాత సామాన్ల వేట, ఈ మూడింటినీ పొదుపు కోసం చేస్తున్నామని అంటాం. నా అభిప్రాయంలో పొదుపు ఇక్కడ గెలుపు కాదు, ఆట నియమం. కబడ్డీలో కూత లాంటిది. ఊపిరి బిగబట్టడం నేర్చుకుందామని ఎవరూ కబడ్డీ ఆడరు. కానీ కూత తీసేస్తే అది ఆటే కాదు, మనుషులు ఒకరినొకరు తోసుకోవడం. ఉన్నదానితో సరిపెట్టాలి, పారేసే ముందు మరొక్కసారి చూడాలి, కొనక తప్పదంటే పాతది దొరుకుతుందేమో ముందు వెతకాలి. ఈ పట్టుదల లేకపోతే ఆ మూడు పనులూ చప్పబడిపోతాయి. డబ్బు మిగిలితే మిగలవచ్చు, మిగలకపోవచ్చు. దానికోసం ఎవరూ ఆడటం లేదు.

బీరపాదునే తీసుకోండి. బీరపువ్వు పొద్దు వాలాక విచ్చుకుంటుంది. పొద్దున్నే పూసే కాకరకు ఇది పూర్తిగా వ్యతిరేకం. పల్లెటూరి పెరట్లో అయితే చీకటి వేళ తిరిగే పురుగులు తమ పని చూసుకుంటాయి. చుట్టూ కాంక్రీటు ఉన్న మేడ మీదికి అవి వస్తాయో రావో నమ్మకం లేదు. అందుకని ఆ పని మనమే చేయాలి. మగపూలు గుత్తిగా వస్తాయి. ఆడపువ్వు విడిగా పూస్తుంది, దాని కింద చిటికెన వేలిలో సగం ఉండే పిందె. అంత చిన్న పిందె మీద కూడా బీరకాయకు ఉండాల్సిన పది గీతలూ అప్పటికే ఉంటాయి. వెలుతురు ఉంటే లెక్కపెట్టుకోవచ్చు. మగపువ్వును తెంపి, పసుపు రేకులు వెనక్కి మడిచి, పుప్పొడి ఉన్న మధ్యభాగాన్ని ఆడపువ్వు నడుమ మెల్లగా అద్దాలి. వేలికి పసుపు అంటుకుంటుంది. కుదిరిందా, రెండు మూడు రోజుల్లో పిందె సాగి కిందికి వేలాడుతుంది. కుదరలేదా, పండుబారి ముడుచుకుని రాలిపోతుంది. ఈ పనిలో ఉన్నంతసేపూ ఫోను మోగినా తీయలేం, చేతులు ఖాళీ ఉండవు. అది కూడా లాభాల్లోనే రాసుకోవాలి.

కాయ చేతికి వచ్చాక ముందు ఒక చిన్న ముక్క కోసి నాలుక మీద వేసుకోవాలి. చేదుగా ఉంటే కాయ మొత్తం పారేయాలి, ఆ పాదు నుంచి విత్తనం కూడా తీయకూడదు. పొదుపు పేరుతో చేదు బీరకాయనో చేదు సొరకాయనో వండుకుంటే వాంతులతో ఆస్పత్రి పాలవడమే. బాగుంటే కండ పప్పులోకో పాలు పోసిన కూరలోకో వెళుతుంది. పొట్టు పచ్చడికి. బీరపొట్టు పచ్చడి చేయడం రాని తెలుగిల్లు ఉండదు కాబట్టి వివరంగా చెప్పను. ఒక్క సంగతి మాత్రం చెబుతాను. పొట్టును నూనెలో వేయించేటప్పుడు అది ముందు నీరు వదులుతుంది. చాలామంది అక్కడే దించేస్తారు, పచ్చడి పసరు వాసన వేస్తుంది. ఆ చెమ్మంతా ఇగిరి, అంచులు ముడుచుకుని, అక్కడక్కడా గోధుమరంగు చుక్కలు కనిపించేదాకా సన్నటి మంట మీద ఓపిక పట్టాలి. అప్పుడు ఎండుమిర్చి, మినప్పప్పు, జీలకర్ర, చింతపండు కలిపి కచ్చాపచ్చాగా నూరితే వేడన్నంలోకి ఇంకేమీ అక్కరలేదు.

ఒక కాయను పాదు మీదే వదిలేస్తాను. అది ముదిరి, రంగు మారి, ఎండి, ఊపితే లోపల గింజలు గలగలమంటాయి. అప్పుడు కొసన చిన్న మూత ఊడివస్తుంది. కాయను తలకిందులు చేసి తడితే నల్లటి గింజలు అరచేతిలోకి రాలుతాయి. పై తోలు తీసేస్తే మిగిలిన పీచు గిన్నెలు తోముకోవడానికి. కూర, పచ్చడి, విత్తనం, పీచు, ఒక్క పాదు నుంచి ఇన్ని. మార్కెట్లో కొన్న బీరకాయ ఇవన్నీ చేయలేదు, ఎందుకంటే అక్కడికి కాయ ఒకే వయసులో వస్తుంది. తోట మనకిచ్చేది కూరగాయ వయసులన్నీ. కొత్తిమీరను కొనవచ్చు, ధనియాలను కొనవచ్చు. ఆ రెండింటికీ మధ్య కొద్ది రోజులు మాత్రమే ఉండే పచ్చి ధనియాన్ని ఏ దుకాణంలో కొంటారు? పచ్చిమిర్చితో కలిపి ఒక్క దంపు దంచి పెరుగులో కలుపుకుంటే వచ్చే ఆ ఘాటు కోసమే నేను ప్రతి కొత్తిమీర తొట్టిలోనూ కొన్ని మొక్కలను పూతకు వదిలేస్తాను. మా ఆయన దృష్టిలో అది తొట్టి వృథా.

ఇంతకీ నా కోపం ఎవరి మీదంటే, తోటపనిని కూడా కొనుగోలు వ్యవహారంగా మార్చినవాళ్ళ మీద. ఇప్పుడు మిద్దె తోట మొదలుపెట్టాలంటే ముందు సంచులు, తర్వాత ఇటుకల్లా నొక్కిన కొబ్బరి పొట్టు, బొమ్మ పలుగు పారలు, రంగురంగుల నీటి డబ్బా, మనం ఎన్నడూ తినని ఆకుల విత్తనాల పొట్లాలు ఆర్డరు పెట్టాలట. మాఘంలో పెట్టెలు వస్తాయి, వైశాఖానికి ఎండిపోయిన సంచులు మేడ మూలన పడి ఉంటాయి. కొబ్బరి పొట్టు మాటే చూడండి. బోండాలు అమ్మే బండి దగ్గర సాయంత్రానికి డొక్కలు గుట్టగా పడి ఉంటాయి. వాటిని తీసుకెళ్ళేదెవరా అని ఆ బండి అతను ఎదురుచూస్తుంటాడు. ముక్కలు కొట్టి డ్రమ్ము అడుగున పరిస్తే నీటిని పట్టి ఉంచుతాయి, బరువు తగ్గిస్తాయి, ఏడాది రెండేళ్ళకు మట్టిలో కలుస్తాయి. అదే సరుకును పొడి చేసి, నొక్కి, ప్లాస్టిక్ కవరు తొడిగి ఇంటికి పంపితే కొంటాం.

డ్రమ్ములు మావి ఆటోనగర్ నుంచి వచ్చాయి. విజయవాడ ఆటోనగర్‌లో దొరకని పాత వస్తువు ఉండదని అతిశయోక్తిగా అంటారు గానీ అది పెద్ద అతిశయోక్తి కాదు. అక్కడ 200 లీటర్ల నీలం డ్రమ్ములు తెచ్చుకుని అడ్డంగా రెండుగా కోయించి, అడుగున రంధ్రాలు పెట్టిస్తే సరి. కొనేటప్పుడు మాత్రం లోపల ఇంతకు ముందు ఏముండేదో అడగాలి. వంటనూనె, పండ్ల గుజ్జు అంటే సరే. రసాయనాలు, రంగులు అంటే ఊరికే ఇచ్చినా వద్దు. వాసన చూస్తే కొంత తెలుస్తుంది, అమ్మేవాడి ముఖం చూస్తే మిగతాది తెలుస్తుంది.

బరువు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. సగం డ్రమ్ము నిండా తడి మట్టి అంటే దాదాపు 150 కిలోలు. మనుషులు ఎక్కి తిరిగే మామూలు మేడకు మన దేశపు ప్రమాణాల ప్రకారం లెక్కలోకి తీసుకునే అదనపు బరువు చదరపు మీటరుకు సుమారు 150 కిలోలే. ఆ డ్రమ్ము నిలబడే చోటు చదరపు మీటరులో మూడో వంతు కూడా ఉండదు. అందుకని మేడ నడిమధ్యన డ్రమ్ములు గుంపుగా పెట్టకూడదు. గోడల మీదుగా, దూలాల మీదుగా, ఎడం ఎడంగా పెట్టాలి. పాత భవనమైతే ఇంజినీరుకు చూపించాలి. మేడ కారితే కింది ఇంటివారితో వచ్చే గొడవకు మొక్కలకు పోసే ఏ జీవామృతమూ పనిచేయదు.

వంటింటికి వద్దాం. మా ఇంట్లో బీరపొట్టు కోసం తగాదా ఉంది. పచ్చడికా, ఎరువు డబ్బాకా? అరటికాయ తొక్కకూ అంతే. సొరకాయ తొక్క వేపుడుకా, కింద కుళ్ళడానికా? నేను తిండి వైపు, మా అబ్బాయి ఎరువు వైపు. బియ్యం కడిగిన నీళ్ళకు మాత్రం పోటీ లేదు, అవి నేరుగా కరివేప మొక్కకు. పులిసిపోయిన మజ్జిగ మొదటి విడత మజ్జిగ పులుసుకు, మరీ పులిస్తే అదీ కరివేపకే. కొన్న పుదీనా కట్టలో ఆకులు గిల్లుకుని కాడలను గ్లాసు నీళ్ళలో పెడితే వారం పది రోజుల్లో వేళ్ళు వస్తాయి. దొండ పాదు పక్కింటి పిన్నిగారు ఇచ్చిన తీగ ముక్క నుంచి వచ్చింది. దొండలో ఆడ మొక్కలు, మగ మొక్కలు వేరువేరుగా ఉంటాయి కాబట్టి కాసే పాదు నుంచి తెచ్చిన తీగే నాటాలి. గింజ నాటితే ఏది వస్తుందో జాతకం చూడాల్సిందే. బచ్చలి సంగతి అడగనే వద్దు, గిల్లి పారేసిన ముక్క కూడా తడి తగిలితే లేస్తుంది. గోదావరి జిల్లాల పెళ్ళి భోజనంలో కంద బచ్చలి కూరకు అంత మర్యాద ఎందుకో ఆవ పెట్టి వండినప్పుడల్లా అర్థమవుతుంది. కానీ ఆ కూరలో సగం మొక్క ఎవరి దొడ్డి చివరనో తనంతట తాను పెరిగినదే అయి ఉంటుందని నా ఊహ.

ఇక్కడ మా అమ్మ వాదన కూడా వినాలి. ఆమె పుట్టి పెరిగింది తెనాలి దగ్గర పల్లెలో. ఈ మధ్య నేను అరటిదూట తరుగుతూ, పీచు వేలికి చుట్టి లాగుతూ, ఇదెంత గొప్ప వంటో మా అబ్బాయికి ఉపన్యాసం ఇస్తుంటే మధ్యలో అందుకుంది.

"గొప్ప కాదు ఏమీ కాదు. ఆ వారం కూరలు కొనడానికి మీ తాతయ్య దగ్గర డబ్బుల్లేక దూట వండేవాళ్ళం. డబ్బులుంటే వంకాయలు తెచ్చుకునేవాళ్ళం."

"మరి రుచిగా ఉండేది కదమ్మా?"

"ఉండేదేమో. తరిగి, పీచు తీసి, మజ్జిగలో వేసి, ఉడికించి, వార్చి, పోపు పెట్టేసరికి నాకు రుచి చూసే ఓపిక ఉండేది కాదే."

ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఉండకూడదు కూడా. పాత రోజుల పొదుపును తలచుకుని మురిసిపోయే రాతలు నాకు నచ్చనిది ఇందుకే. ఆ పొదుపంతా ఎవరి భుజాల మీద నడిచిందో అవి చెప్పవు. రుబ్బురోలు పొత్రం తిప్పింది ఎవరు? వడియాలు పెట్టి, ఎండలో కాకులకు కాపలా కూర్చున్నది ఎవరు? పాత చీరలు కుట్టి బొంతలు చేసింది ఎవరు? వాళ్ళకు మానేసే వీలు లేదు. మానేసే వీలు లేని దాన్ని ఆట అనలేం. నాకు దూట వండటం సరదా ఎందుకైందంటే, ఒంట్లో బాగాలేని రోజున ఇడ్లీలు తెప్పించుకునే స్తోమత నాకుంది కాబట్టి. ఇది ఒప్పుకుని మొదలుపెడితే పొదుపు గురించి నిజాయితీగా మాట్లాడుకోవచ్చు. అందుకే మా ఇంట్లో ఒక చట్టం పెట్టాను. రోటి పచ్చడికున్న రుచి మిక్సీ పచ్చడికి లేదని ఎవరు అంటారో, ఆ పూట రోలు దగ్గర కూర్చోవలసింది వాళ్ళే. చట్టం వచ్చాక మిక్సీ మీద ఫిర్యాదులు బాగా తగ్గాయి. మా ఆయన మాత్రం ఆదివారాలు నిజంగానే నూరుతున్నారు, ఆ పచ్చడి నిజంగానే బాగుంటోంది.

పాత సామాన్ల విషయానికి వస్తే నాకు ఇంకొంచెం పిచ్చి ఎక్కువ. వన్‌టౌన్ వైపు ఒక పాత సామాన్ల దుకాణంలో తూకానికి కొన్న ఇత్తడి గుండిగ ఒకటి మా ఇంట్లో ఉంది. దాని అంచు మీద చుక్కల అక్షరాలతో ఎవరిదో ఇంటిపేరు, పేరు, పక్కన 1961 అని చెక్కి ఉంది. ఏ పెళ్ళికో పెట్టిన సారె అయి ఉంటుంది. ఆ పేరు ఇక్కడ రాయను. ఆ ఇంటివాళ్ళు దాన్ని ఎందుకు అమ్ముకున్నారో నాకెందుకు? చేసినవారు ఎవరో కూడా తెలియదు. ఉమ్మడి పశ్చిమ గోదావరిలోని అజ్జరం ఇత్తడి సామాన్లకు పేరుపడ్డ ఊరు కాబట్టి అక్కడి చేతిపనేనని అనుకోవడం నాకు ఇష్టం.

గుండిగ చవకగా వచ్చింది గానీ లోపల కళాయి, అంటే తగరం పూత, పూర్తిగా పోయింది. కళాయి లేని ఇత్తడిలో పులుసు పెడితే చిలుము పుట్టి తిండి విషమవుతుంది. కళాయి వేసే మనిషి కోసం వెతకడం కొన్నంత సులువు కాలేదు. చివరికి దొరికిన పెద్దాయన మా ఇంటి ముందే బొగ్గుల కుంపటి పెట్టాడు. ముందు లోపలంతా ఇసుకతో, చింతపండుతో రుద్ది, నల్లటి పొర పోయి ఇత్తడి పచ్చగా తేలేదాకా కడిగాడు. గుండిగను నిప్పుల మీద తిప్పుతూ కాచి, నవాసారం (అమ్మోనియం క్లోరైడ్) పొడి చిటికెడు చల్లగానే తెల్లటి పొగ భగ్గున లేచింది, ముక్కులు అదిరాయి. వెంటనే తగరం కడ్డీని ఆ వేడి గోడకు ఆనించాడు. అది నీటి బొట్టులా కరిగి జారుతుంటే గుడ్డ ఉండతో గుండ్రంగా రుద్దుకుంటూ పోయాడు. గుడ్డ వెళ్ళిన దారి వెంటే పసుపు పోయి వెండి రంగు పరుచుకుంది. "ఖాళీ గిన్నె పొయ్యి మీద పెట్టకండమ్మా, పోపు అసలే వేయకండి" అని రెండుసార్లు చెప్పాడు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. నూనె కాగే వేడి దాకా వెళితే కళాయి జారిపోతుంది. అందుకని అందులో పప్పుచారు, పొంగలి, పాయసం మాత్రమే, పోపు వేరే గరిటెలో. కళాయి కూలి, గుండిగ ధర కలిపితే అదే కొలత కొత్త స్టీలు గిన్నెలు రెండు వచ్చేవి. మళ్ళీ అదే లెక్క, మళ్ళీ నష్టమే. కానీ నవాసారం పొగలో నిలబడి ఇత్తడి వెండిగా మారడం చూసినందుకు ఎంత కడదామంటారు?

ఇనుప పెనానికి ఇంత తతంగం లేదు. తుప్పు పట్టిన పాత పెనం కొని, ఇటుక పొడితో తోమి, కడిగిన వెంటనే పొయ్యి మీద ఆరబెట్టి, నూనె రాసి, సగం కోసిన ఉల్లిపాయతో రుద్దుతూ పోతే కొన్నాళ్ళకు దారికొస్తుంది. అప్పటిదాకా అతుక్కున్న అట్లు ఉప్మాలా తినాలి, అంతే.

లెనిన్ సెంటరు పాత పుస్తకాల దుకాణాల్లో మాత్రం నేను వంటల పుస్తకాలు చూస్తాను. అచ్చువేసిన వంటల కోసం కాదు, అంచుల్లో పెన్నుతో రాసిన వాటి కోసం. నా దగ్గరున్న ఒక దాంట్లో ఆవకాయ పేజీ పక్కన ఎవరో "ఉప్పు ఎక్కువ చెప్పాడు" అని రాశారు. ఇంకో చోట "అత్తయ్యగారికి నచ్చింది" అని ఉంది, కింద గీత కూడా గీశారు. సోలల్లో, తవ్వల్లో ఉన్న కొలతలను ఎవరో ఓపికగా గ్లాసుల్లోకి మార్చుకున్నారు. కొత్త పుస్తకం కొంటే ఇవన్నీ రావు.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన వ్యవహారం ఒకటి ఈ మధ్య చూస్తున్నాను. పాత గంగాళాలు, బిందెలు తెచ్చి, పాలిష్ పట్టించి, హాల్లో పెట్టి వాటిలో ప్లాస్టిక్ పూలు గుచ్చుతున్నారు. ధర వింటే కళ్ళు తిరుగుతాయి. నీళ్ళు కాచుకోవాల్సిన గంగాళానికి పట్టిన గతి అది. నా దృష్టిలో పాత వస్తువు దొరకడమంటే దాని పని దానికి తిరిగి దొరకడం. పని లేకుండా కూర్చోబెడితే దాన్ని అటక మీదే ఉంచి ఉండవచ్చు.

ఇక బేరాలు. పొదుపు అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఇదే, నాకు పడనిదీ ఇదే. ఆటలో ఓడేది వస్తువు అయితే సరదా, మనిషి అయితే కాదు. ఆకుకూరల ఆవిడ తెల్లవారకముందే మార్కెట్టుకు వెళ్ళి, బుట్ట నెత్తిన పెట్టుకుని మా వీధికి వస్తుంది. ఆమె దగ్గర తోటకూర కట్టకు రెండు రూపాయలు తగ్గించి అదే సాయంత్రం నర్సరీలో పేరు తెలియని పూలమొక్కకు అడిగినంత ఇచ్చి వచ్చేవాళ్ళు నాకు బాగా తెలుసు. సైకిలు మీద "పాత ఇనప సామాన్లు కొంటాం" అని తిరిగే అతను, పాత చీరలు తీసుకుని స్టీలు గిన్నెలిచ్చే ఆవిడ, వీళ్ళకు పొదుపు సరదా కాదు, తిండి. ఆటోనగర్ డ్రమ్ము నా చేతికి వచ్చేలోపు దాన్ని ఎవరో ఏరి, కడిగి, మోసి ఉంటారు. మేడ మీద నా సరదా నిలబడింది వాళ్ళ చాకిరీ మీదే కాబట్టి అడిగిన ధర ఇచ్చేస్తాను. "నువ్వు చేసేది పొదుపా, దుబారానా?" అని అమ్మ అడుగుతుంది. ఏ పూట ఏదో చెప్పలేను.

ప్రస్తుతం పందిరి మీద చిక్కుడు ఉంది. తొలకరికి గింజ పెడితే ఆకులు, తీగలు విపరీతంగా పెంచుకుంటూ పోయి, పూత మాత్రం పగలు కురచబడే దాకా పెట్టదు. నాటు చిక్కుడు స్వభావమే అంత, ఎన్ని ఎరువులు వేసినా తొందరపడదు. దసరాకు మా ఆయన దాన్ని పీకేద్దామంటారు, కార్తీకానికి నోరు మూసుకుంటారు, సంక్రాంతికి వీధిలో అందరికీ పంచుతారు. రథసప్తమికి కాయలతో రథం కట్టి, ఆకుల్లో పరమాన్నం పెట్టి నైవేద్యం చేయడానికి అపార్టుమెంట్ల వాళ్ళు కూడా మా మేడకే వస్తారు. ఆకులు కోసుకెళ్ళడానికి ఎవరికీ అభ్యంతరం చెప్పను. విత్తనాలు కూడా బూడిద కలిపి సీసాలో దాచి ఉంచాను, కావలసినవాళ్ళు వచ్చి తీసుకెళ్ళవచ్చు. ఒకటే షరతు. గింజలు వేయడానికి కొత్త కుండీ కొంటామంటే ఇవ్వను. ఇంట్లో పగిలిన బకెట్టు ఒకటి చూపించాలి.